పదహారో ఎక్కం చదివిన తరం

1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. అప్పటిదాకా రూపాయికి 16 అణాలు, అణాకు 12 దమ్మిడీలు. ఆ రోజు నుంచి రూపాయికి 100 నయాపైసలు. ఢిల్లీలో తేల్చిన ఆ లెక్క తెలుగు పల్లెటూళ్ళ బడుల్లో నాలుగో తరగతి పిల్లల నెత్తిన పడింది. అణాకు ఆరుంపావు నయాపైసలు రావాలి. పావుపైసా నాణెం లేదు కాబట్టి అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని ప్రభుత్వం ఒక పట్టిక వేసి ఇచ్చింది. ఆరు, పన్నెండు తర్వాత పద్దెనిమిది రావాలి గదా, పందొమ్మిది ఎలా వచ్చిందని అడిగే పిల్లలకు జవాబు చెప్పడం పంతులుగారికి కష్టమే. అణా వంతున మూడుసార్లు కొంటే 18 నయాపైసలు, ఒకేసారి మూడణాల సరుకు కొంటే 19. మధ్యలో ఆ ఒక్క పైసా ఎవరి గల్లాపెట్టెలోకి పోతుందో కొట్లో కూర్చున్న శెట్టిగారికి ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఆ మార్పుతో పదహారో ఎక్కానికి పని తగ్గింది. రూపాయికి పదహారణాలు గనుకనే అది అంత ముఖ్యం. ఏడు రూపాయలకు ఎన్ని అణాలంటే కాగితం అక్కర్లేకుండా నూటపన్నెండు అనేయాలి. పన్నెండో ఎక్కం దమ్మిడీల కోసం, ఇరవయ్యో ఎక్కం పుట్టికి ఇరవై తూముల కోసం. ఎక్కాలు ఇరవై దాకానే ఎందుకు ఆగాయో, అందులో ఏది ఎందుకు గట్టిగా రావాలో ఇంటి లెక్కలే చెప్పేవి. నాణేలు మారాక కూడా పంతుళ్ళు పదహారో ఎక్కాన్ని వదల్లేదు. సాయంత్రం గంట కొట్టే ముందు బడి మొత్తం లేచి నిలబడేది. గొంతున్న పిల్లవాడొకడు ముందుండి "పదహారొకట్ల పదహారు, పదహార్రెళ్ళు ముప్పై రెండు" అంటుంటే మిగతావాళ్ళు వెనక అందుకునేవాళ్ళు. ఒకటో తరగతి బుడతలకు అందులో ఒక్క ముక్క అర్థం కాకపోయినా రాగం పట్టుబడేది. మూడేళ్ళు విన్నాక నాలుగో తరగతికి వచ్చేసరికి వాళ్ళకు ఎక్కాలు సగం వచ్చేసినట్టే.

నాణేల తర్వాత తూకాలు మారాయి. 1958 నుంచి 1962 వరకూ మెట్రిక్ కొలతలు అంచెలంచెలుగా అమల్లోకి వచ్చాయి. కోస్తా, రాయలసీమల్లో అంతకుముందు సేరు, వీశ, మణుగు ఉండేవి. వీశకు 120 తులాలు, అంటే ఇప్పటి లెక్కలో కిలో నాలుగువందల గ్రాములకు కాస్త అటూ ఇటూ. ఎనిమిది వీశలు మణుగు. గింజలకు వేరే లెక్క: రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, ఇరవై తూములు పుట్టి. ఇవీ ఊరూరా ఒక్కటి కావు. ఒక ఊరి కుంచం పక్క ఊరి కుంచం కన్నా ఓ గుప్పెడు ఎక్కువుండటం మామూలే. పుస్తకంలో పట్టిక ఒకటి, ఊళ్ళో కొలత ఒకటి. నాలుగో తరగతి పిల్లవాడు రెండూ నేర్చుకునేవాడు. పరీక్షలో పుస్తకం లెక్క, కళ్ళంలో ఊరి లెక్క.

కళ్ళం దగ్గర ఇంకో చిక్కు. ధాన్యం కొలిచేవాళ్ళు మొదటి కుంచానికి ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు... ఏడు దగ్గరికి వచ్చేసరికి ఏడుపు గుర్తొస్తుందని కొన్నిచోట్ల ఆరున్నొకటి అనేవాళ్ళు. బళ్ళో ఏడంటే ఏడే. ఏడో ఎక్కాన్ని ఆరున్నొకటో ఎక్కం అని చదివితే వీపు చిట్లేది. కానీ అదే పిల్లవాణ్ణి కళ్ళం గట్టున కూర్చోబెట్టి పుట్లు లెక్కపెట్టమన్నప్పుడు ఊరి మాటే అనాలి. నాలుగో తరగతి చదువుకు అసలు పరీక్ష అక్కడే జరిగేది. పరీక్ష పెట్టే తండ్రికో తాతకో చదువు వచ్చుండదు, జవాబు మాత్రం ముందే తెలుసు. ఆరుగురు ఆడకూలీలు, మనిషికి ముప్పావలా, మూడు రోజుల పని, ఎంత ఇవ్వాలి? కుర్రవాడు పలక తీసి రాసేలోగా ముసలాయన వేళ్ళ కణుపుల మీద పదమూడున్నర తేల్చేసి, "ఏంరా, మీ పంతులు ఇదే చెబుతున్నాడా?" అనేవాడు. నోటిలెక్కల విషయంలో బడి ఎన్నడూ ఊరిని మించలేదు.

తెలంగాణ పిల్లల తిప్పలు ఇంకో రకం. నిజాం రాజ్యానికి సొంత నాణెం ఉండేది, హాలీ సిక్కా. బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దారు అనేవాళ్ళు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు. నైజాము సరిహద్దు దాటి మునగాల వైపో బెజవాడ వైపో ఎడ్లు కొనడానికి వెళ్ళే రైతుకు ఈ ఏడూ ఆరూ లెక్క రాకపోతే సంతలోనే నష్టం. తరగతుల పేర్లు కూడా అక్కడ వేరు. ఉర్దూ బడుల్లో అవ్వల్, దోయం, సోయం, చహారుం. చహారుం అంటే నాలుగోది. తెలుగు బడులు వచ్చాక కూడా చాలా ఏళ్ళు "మా పోరడు నాలుగో జమాతు" అనే మాట నిలిచింది. భూమి కొలత ఈ రోజుకీ రెండు రకాలుగానే ఉంది. కోస్తా, సీమల్లో ఎకరానికి 100 సెంట్లు, తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. 1956లో రెండు ప్రాంతాలూ ఒక రాష్ట్రమైనా సెంటూ గుంటా మాత్రం కలవలేదు.

అప్పట్లో నాలుగో తరగతి అంటే ఈ కాలంలో అనుకునేంత చిన్న చదువు కాదు. 1961 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో చదవనూ రాయనూ వచ్చినవాళ్ళు నూటికి 21 మంది. ఊళ్ళో బడి ఐదో తరగతితో సరి. ఆ పై చదువుకు పక్క ఊరు నడవాలి, చాలామంది నడవలేదు. అందుకే ఇంటికి అక్కరకొచ్చే చదువంతా నాలుగు, ఐదు తరగతుల్లోనే కుక్కి పెట్టారా అన్నట్టుండేది. ఇంగ్లీషుతో తొందర లేదు. పల్లె బడుల్లో ఏబీసీడీలు మొదలయ్యేది ఆరో తరగతిలోనే. నాలుగో తరగతికి తెలుగు వాచకం, లెక్కలు, సాంఘికం, సామాన్యశాస్త్రం. ఈ చివరి రెండిటికీ కొంతకాలానికి పరిసరాల విజ్ఞానం అనే పేరొచ్చింది.

1959లో రాష్ట్రంలో పంచాయతీరాజ్ మొదలయ్యాక ఈ బడులు పంచాయతీ సమితుల కిందికి వెళ్ళాయి. గోడ మీద "పంచాయతీ సమితి ప్రాథమిక పాఠశాల" అని ఉంటే ఆ బడి వయసు చెప్పేయొచ్చు. 1980ల రెండో సగంలో సమితులు పోయి మండలాలు వచ్చాయి, గోడల మీద బోర్డులూ మారాయి. చాలా బడులకు ఉన్నది ఒకే గది, ఒకే పంతులు. కోస్తాలో మాస్టారు, సీమలో అయ్యవారు, తెలంగాణలో సారు. ఒక్క మనిషి ఐదు తరగతులకు పాఠం చెప్పాలంటే సగం పని నాలుగు, ఐదు తరగతుల పిల్లలే చేయాలి. ఒకటో తరగతి వాళ్ళ చేత అక్షరాలు దిద్దించడం, రెండో తరగతి వాళ్ళకు చూచిరాత చూడటం, మూడో తరగతి వాళ్ళకు ఎక్కాలు అప్పజెప్పించుకోవడం. తనకు నాలుగో ఎక్కం సరిగ్గా రాని మానిటరు కూడా బెత్తం చేతికొచ్చిందంటే చండశాసనుడే.

ఈ ఏర్పాటు ఎంత పాతదంటే, 1823లో బళ్ళారి జిల్లా కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లా బడుల మీద రాసిన నివేదికలోనే కనిపిస్తుంది. ఆయన తెలుగు బాగా తెలిసినవాడు. తెలుగు వ్యాకరణం రాశాడు, నిఘంటువూ కూర్చాడు. జిల్లాలో 533 బడులున్నాయని, వాటిలో 226 తెలుగు బడులని లెక్క తేల్చాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే పద్ధతిని మెచ్చుకున్నాడు. అర్థం తెలియని పద్యాలను చిలకల్లా వల్లించడాన్ని తప్పుబట్టాడు. ఆ తర్వాత నూటయాభై ఏళ్ళకు తనిఖీకి వచ్చిన స్కూలు ఇన్‌స్పెక్టర్లు రాసిందీ దాదాపు ఇదే. 1986 జాతీయ విద్యావిధానం వెంట ఆపరేషన్ బ్లాక్ బోర్డు వచ్చి ప్రతి బడికీ రెండు గదులు, ఇద్దరు టీచర్లు ఉండాలన్నాక గానీ ఈ మానిటర్ల రాజ్యం సన్నగిల్లలేదు.

ఆ రాజ్యంలో అంత మురిసిపోవాల్సిందేమీ లేదు. గోడకుర్చీ, తొడపాశం, ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టడం దినచర్యలో భాగం. చంకలో తమ్ముణ్ణేసుకుని వచ్చే ఆడపిల్ల నాలుగో తరగతి మధ్యలో ఓ సోమవారం నుంచి కనిపించదు. నాట్లకు వెళ్ళిందనో, ఇంటిదగ్గర చంటిపిల్లవాణ్ణి ఆడిస్తోందనో తోటివాళ్ళు చెబుతారు. హాజరు పట్టీలో ఆమె పేరు ఎదురుగా గైర్హాజరు గుర్తులు సంవత్సరాంతం దాకా సాగేవి. అందరూ తాగే కుండ దగ్గరికి ఏ పిల్లలు వెళ్ళొచ్చో, ఎవరికి ఎవరు పైనుంచి నీళ్ళు పోయాలో వాచకంలో లేకపోయినా ఊరే నేర్పేది. పాతరోజుల చదువును పొగిడేవాళ్ళు చాలామంది ఈ పాఠాన్ని మరిచిపోతారు.

నాలుగో తరగతిలో చేతిలోని సామాను మారేది. అప్పటిదాకా పలక, బలపం. పలక అంటే మార్కాపురం పలకే. నల్లటి పలకరాతికి ఆ ఊరు పెట్టింది పేరు. 1970 దాకా అది కర్నూలు జిల్లాలో ఉండేది కనుక అంతకుముందు పుస్తకాల్లో పలకలు కర్నూలు జిల్లా ఖాతాలో ఉండేవి. పలక తెల్లబడితే దొండాకు పసరు, బొగ్గు కలిపి రుద్ది నల్లబరచడం ఆదివారం పని. నాలుగులో నోటుపుస్తకాలు, పెన్సిలు, ఆ తర్వాత పాళీ కలం, సిరాబుడ్డి. కాపీ పుస్తకంలో రోజుకో పేజీ. అక్షరం గుండ్రంగా ఉండాలి, గీత దాటకూడదు, తలకట్టు తల మీదే ఉండాలి. దస్తూరి బాగుంటే కరణంగారి దగ్గర నకళ్ళు రాసే పనైనా దొరుకుతుందని తల్లిదండ్రుల ఆశ. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణాల ఉద్యోగాలే రద్దయ్యాయి.

పాఠ్యపుస్తకాలు హైదరాబాద్ మింట్ కాంపౌండ్‌లోని ప్రభుత్వ ముద్రణాలయం నుంచి రావాలి. జూన్‌లో బడి తెరిస్తే అవి ఎప్పటికి చేరతాయో చెప్పలేని ఏళ్ళు ఎన్నో. అందుకని పై తరగతికి వెళ్ళిన పిల్లల దగ్గర పాత పుస్తకాలు సగం ధరకు కొనేవాళ్ళు. అట్ట ఊడితే పావు ధర. ఆ పుస్తకాల అంచుల్లో ముందు చదివినవాడు రాసుకున్న జవాబులు కూడా ఉండేవి, వాటిలోని తప్పులతో సహా. ఒక తప్పు మూడు నాలుగేళ్ళు చేతులు మారి ఊరంతా నిజమైపోవడం కద్దు.

సాంఘికశాస్త్రం వరసే వేరు. చాలాకాలం మూడో తరగతిలో మన జిల్లా, నాలుగో తరగతిలో మన రాష్ట్రం, ఐదో తరగతిలో మన దేశం. ఊరి పొలిమేర, మహా అయితే సంత, తిరునాళ్ళు తప్ప ఎరగని పిల్లలకు రాష్ట్రం అనేదొకటి ఉందని నాలుగో తరగతే మొదట చెప్పేది. అయితే ఆ రాష్ట్రం ఒకచోట నిలిస్తే గదా! కర్నూలు జిల్లా పల్లెలో 1952లో నాలుగు చదివిన పిల్లవాడికి రాజధాని మద్రాసు. 1954లో చదివిన తమ్ముడికి కర్నూలే రాజధాని, ఎడ్లబండి కట్టుకుంటే చూసి రావచ్చు. 1957లో చదివిన చెల్లెలికి హైదరాబాద్. ఒకే ఇంట్లో ముగ్గురు, మూడు రాజధానులు, మూడూ సరైన జవాబులే.

జిల్లాల సంఖ్యా అంతే. 1956లో 20. ఒంగోలు జిల్లా 1970లో వచ్చి 21 అయ్యాయి, రెండేళ్ళకు దాని పేరు ప్రకాశం అయింది. 1978లో రంగారెడ్డి, 1979లో విజయనగరం, మొత్తం 23. ఉత్తరం నుంచి దక్షిణానికి ఎక్కాల రాగంలోనే జిల్లాల పేర్లు చెప్పించేవాళ్ళు. శ్రీకాకుళంతో మొదలై చిత్తూరుతో ఊపిరి తీసుకుని, మళ్ళీ ఆదిలాబాద్‌తో అందుకోవాలి. 23 అని కంఠస్థం చేసిన తరమే పెద్దది, 35 ఏళ్ళపాటు అంకె మారలేదు. అందుకే నలభై దాటినవాళ్ళను నిద్రలో లేపి అడిగినా 23 అంటారు. 2014లో రాష్ట్రం రెండయింది. తెలంగాణ జిల్లాలు 10 నుంచి 2016లో 31కి, 2019లో 33కి పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. ఇన్ని పేర్లు రాగంలో ఇమడవు.

ఏ ఊళ్ళో ఏముంది అనే పట్టిక మరీ ముచ్చటైనది. గూడూరు అంటే అభ్రకం. కడప అంటే రాతినార. కొత్తగూడెం, సింగరేణి బొగ్గు. గుంటూరు, పొగాకు. సిర్పూర్, కాగితం. బోధన్, పంచదార. వరంగల్, ఆజంజాహీ మిల్లు. విశాఖపట్నం, ఓడలు. ఎడమవైపు ఊళ్ళు, కుడివైపు సరుకులు రాసి జతపరచమనేవాళ్ళు. ఎప్పుడూ గూడూరు చూడని నిజామాబాద్ పిల్లకు అభ్రకం పలకలు పొరలు పొరలుగా ఊడతాయని తెలుసు. బోధన్ వైపే వెళ్ళని నెల్లూరు కుర్రవాడికి అక్కడి పంచదార మిల్లు గొప్పదని తెలుసు. రైలు టిక్కెట్టు లేకుండా రాష్ట్రమంతా తిప్పిన పట్టిక అది. ఆ పట్టికను ఇప్పుడు దిద్దితే సగం కొట్టివేతలే. 1934లో మొదలైన ఆజంజాహీ మిల్లు 2002లో మూతపడింది. 1937 నాటి నిజాం షుగర్స్‌కు 2015లో తాళం పడింది. సిర్పూర్ మిల్లు 2014లో ఆగి, చేతులు మారి 2018లో మళ్ళీ పొగ వదిలింది. గూడూరు అభ్రకానికి పాత వైభవం పోయింది. రాతినార ఊపిరితిత్తులకు చేటు అని తేలి, పొగడ్త పాఠంలోంచి హెచ్చరిక పాఠంలోకి మారిపోయింది.

నాగార్జునసాగర్ గురించి ఒక్క మాట. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. నడుమ పన్నెండేళ్ళు, అంటే పన్నెండు జట్ల నాలుగో తరగతి పిల్లలు కట్టడం పూర్తికాని ఆనకట్ట గురించి చదివారు. వాళ్ళలో కొందరి తండ్రులూ అన్నలూ అక్కడే రాళ్ళు మోశారు. పాలమూరు వలస కూలీల ఇళ్ళల్లో ఆ పాఠం చదివిన పిల్లవాడికి ఆనకట్ట అంటే నాన్న ఆర్నెల్లుగా ఉన్న చోటు.

సామాన్యశాస్త్రంలో చిక్కుడుగింజ మొలక, మూడు కుండల్లో ఇసుక, బొగ్గు పోసి నీళ్ళు వడగట్టడం, ఇవి ఈ రోజుకీ ఉన్నాయి. పోయింది రోగాల పాఠం. మసూచికం గురించి చదువుతూ పిల్లలు తమ జబ్బల మీద టీకా మచ్చ చూసుకునేవాళ్ళు. ఊళ్ళో అమ్మవారు పోసిందంటారు, పుస్తకం మసూచికం అంటుంది. ఇంట్లో వేపమండలు కట్టి చల్ల నైవేద్యం పెట్టేవాళ్ళు, బళ్ళో టీకాలు వేసే మనిషి వస్తే పిల్లలు కిటికీలోంచి దూకి పారిపోయేవాళ్ళు. 1975 తర్వాత దేశంలో ఆ రోగం లేదు. ఆ తర్వాత కొన్నేళ్ళకు టీకా ఆగింది, ఆ మచ్చ లేని తరం వచ్చింది. మలేరియా పాఠానికి పుస్తకం అక్కర్లేదు. డీడీటీ పిచికారీ చేసినవాళ్ళు ప్రతి ఇంటి గోడ మీదా తారీఖు వేసి పోయేవాళ్ళు. కొత్తగా చదువు వచ్చిన పిల్లలకు వీధిలో చదవడానికి దొరికే అక్షరాలు అవీ, సినిమా వాల్‌పోస్టర్లూ, ఎన్నికల గోడరాతలూ.

నారికురుపు పాఠం ఇప్పటి పిల్లలకు చెబితే కట్టుకథ అనుకుంటారు. దిగుడుబావిలోకి దిగి నీళ్ళు ముంచుకునే ఊళ్ళల్లో ఆ రోగం ఉండేది. నీళ్ళలోని కంటికి ఆనని ప్రాణి కడుపులోకి పోయి, సుమారు ఏడాది తర్వాత మూరెడు, రెండు మూరల దారంలాంటి పురుగై కాలు చీల్చుకుని బయటికొచ్చేది. దాన్ని తెగిపోకుండా చిన్న పుల్లకు చుడుతూ రోజుకింత లాగాలి. కురుపున్న కాలుతో దిగుడుబావిలో దిగితే ఆ పురుగు మళ్ళీ నీళ్ళలోకే పిల్లలు పెడుతుంది. పాఠం చెప్పిన ఉపాయం ఒక్కటే, బిందె మూతికి గుడ్డ కట్టి వడగట్టడం. ఈ పాఠం విని ఇంటికెళ్ళి నానమ్మ పాత చీర చింపి బిందెకు కట్టినవాళ్ళున్నారు, తన్నులు తిన్నవాళ్ళూ ఉన్నారు. మెట్లబావులు పూడ్చి చేతిపంపులు వేశాక, ఊరూరా రోగుల లెక్క రాశాక, 1996తో దేశంలో ఆ రోగం ఆఖరైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. నాలుగో తరగతి పుస్తకంలోంచి ఓ పాఠం పోయిందని సంతోషించాల్సింది ఏదైనా ఉంటే ఇదే.

ఇక తెలుగు. వేమన, సుమతి పద్యాలు శనివారం మధ్యాహ్నం అప్పజెప్పాలి. పద్యం తప్పితే మకుటం ఒక్కటీ గట్టిగా పలికి గట్టెక్కే తెలివైనవాళ్ళుండేవాళ్ళు. పొద్దున ప్రార్థనలో ప్రతిజ్ఞ. దాన్ని 1962లో రాసింది నల్లగొండ జిల్లా అన్నెపర్తివాడైన పైడిమర్రి వెంకట సుబ్బారావు. అప్పుడాయన విశాఖపట్నంలో ఖజానా అధికారి. 1963లో విశాఖలోని ఒక బళ్ళో మొదటిసారి చదివారు, 1965 జనవరి 26 నుంచి దేశమంతటి బడుల్లోకీ వెళ్ళింది. తెలుగు పిల్లలు కుడిచెయ్యి చాచి రోజూ చదివారు గానీ రాసింది తెలుగువాడని చాలాకాలం ఏ పుస్తకమూ వాళ్ళకు చెప్పలేదు.

అన్నిటికన్నా ఊరికి పనికొచ్చింది లేఖారచన. పై కుడిమూల ఊరు, తారీఖు. పెద్దలకు "మహారాజశ్రీ", చిన్నవాళ్ళకు "చిరంజీవి", ముత్తయిదువకు "లక్ష్మీసౌభాగ్యవతి". "ఉభయకుశలోపరి" అయ్యాక అసలు విషయం. చివర "ఇట్లు". ఈ చట్రం వచ్చిందంటే ఆ పిల్లవాడు ఊరికి పెట్టుబడి లేని లేఖకుడు. భీవండి మగ్గాల మీదికి, బొంబాయి మేస్త్రీ పనులకు పోయిన మగవాళ్ళు కరీంనగర్ పల్లెలకు రాసిన కార్డులు, 1970ల నుంచి దుబాయ్, కువైట్ వెళ్ళినవాళ్ళు కడపకూ కోనసీమకూ నిజామాబాద్‌కూ రాసిన కవర్లు, వీటిని చదివి పెట్టింది పోస్ట్‌మ్యాన్ తర్వాత నాలుగో తరగతి పిల్లలే. పదేళ్ళ పిల్లకు ఊళ్ళో ఎవరింట్లో ఎంత అప్పుందో, ఎవరి కోడలి మీద ఎవరికి కోపమో తెలిసిపోయేది. "ఇది మీ అమ్మకు చెప్పకే తల్లీ" అని బెల్లం ముక్క చేతిలో పెట్టేవాళ్ళు.

చదవడంలో కూడా మర్మం ఉంది. కార్డులో "పంపిన డబ్బులు మీ తమ్ముడికి ఒక్క పైసా ఇవ్వవద్దు" అని ఉంటే, పక్కన తమ్ముడు కూర్చున్నప్పుడు ఆ వాక్యం మింగేయడం ఏ వాచకమూ నేర్పదు. రాయడంలోనైతే ఇంకా కష్టం. అవతలి మనిషి ఏడుస్తూ చెప్పేదంతా కార్డులో పట్టదు. తిట్లు తీసేయాలి, విషయం ఉంచాలి. ముఖ్యమైనదంతా చిరునామా పక్కన అడ్డంగా, అంచుల వెంట నిలువుగా ఇరికించాలి. 1980ల్లో గల్ఫ్ నుంచి క్యాసెట్లలో మాటలు రికార్డు చేసి పంపడం మొదలైంది, ఆ తర్వాత ఊరి నడిమధ్య ఎస్టీడీ బూత్ వచ్చింది, ఆ వెంటనే సెల్‌ఫోన్. పిల్లల లేఖకవృత్తి ముగిసింది.

లేఖారచనలో ఒక్క నమూనా మాత్రం ఈ రోజుకీ చెక్కుచెదరలేదు. ప్రధానోపాధ్యాయులుగారికి సెలవు చీటీ. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు అచ్చేసిన ఇప్పటి పుస్తకాలు చదివే పిల్లలకు కూడా అది రాయడం వస్తుంది. వినయంగా నమస్కరించి, రెండు రోజులు సెలవు ఇప్పించమని కోరాలి. కారణం అప్పుడూ జ్వరమే, ఇప్పుడూ జ్వరమే. అమ్మమ్మగారి ఊళ్ళో తిరునాళ్ళు అని నిజం రాసిన చీటీ ఏ బడి దస్త్రంలోనూ దొరకదు.